సంతకం పెట్టనన్న బుక్‌బైండర్

(మా చదువరుల బృందం ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. రెండుసార్లు చెప్పిన మాటలు తీసేశాం, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారమండీ. వెనక వరసకి వినపడుతోందా? ఆ ఫ్యాన్ ఒక్క పాయింటు తగ్గిస్తే నా గొంతుకి కాస్త పని తగ్గుతుంది. ఆ, చాలు.

పోయిన నెల మన కార్యదర్శి గారు ఫోన్ చేసి, మీరు యూనియన్‌లో పనిచేసిన మనిషి కదా, ఎవరైనా యూనియన్ నాయకుడి గురించి ఓ గంట మాట్లాడండి అన్నారు. ఆయన మనసులో మనవాళ్లెవరో ఉండుంటారు. నేను యాకోబ్ కైజర్ అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఎవరండీ, జర్మనీ రాజా?" అన్నారు. (నవ్వులు) తప్పేం లేదు, జర్మన్ భాషలో కైజర్ అంటే చక్రవర్తే. పైగా ఈయన పుట్టిన 1888లో జర్మనీకి ముగ్గురు చక్రవర్తులు. తాత పోయాడు, కొడుకు గద్దెనెక్కి 99 రోజులకే పోయాడు, మనవడు వచ్చాడు. మన కైజర్ మాత్రం ఆ ఏడాది ఫిబ్రవరి 8న, దక్షిణ జర్మనీలో హామెల్‌బుర్గ్ అనే చిన్న ఊళ్లో, పుస్తకాలకి బైండింగ్ వేసుకునే ఒక క్యాథలిక్ కుటుంబంలో పుట్టాడు. తనూ అదే పని నేర్చుకున్నాడు. చిన్న వయసులోనే క్రైస్తవ కార్మిక సంఘాల్లో చేరాడు, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే కొలోన్‌లో ఆ సంఘాల ఆఫీసులో ఉద్యోగి అయ్యాడు, యుద్ధానికి వెళ్లొచ్చాడు, 1924 నాటికి రైన్‌లాండ్, వెస్ట్‌ఫాలియా ప్రాంతాల్లో ఆ సంఘాల బాధ్యుడయ్యాడు. బాల్యం, యవ్వనం ఇంతటితో సరి. నాకు ఆసక్తి ఉన్నది ఆ తర్వాత.

నాకు ఈయన మీద ఆసక్తి ఒక సంతకం వల్ల వచ్చింది. పెట్టిన సంతకం వల్ల కాదు లెండి, పెట్టని సంతకం వల్ల. యూనియన్‌లో ఒక్క రోజు పనిచేసినవాళ్లకైనా తెలుసు, మన బతుకంతా సంతకాలే. డిమాండ్ల పత్రం మీద సంతకం, సమ్మె నోటీసు మీద సంతకం, చివరికి సెటిల్‌మెంట్ మీద సంతకం. గేట్ మీటింగులో ఎంత అరిచినా సరే, ఆఖర్న ఆ కాగితం మీద ఎవరి పేరుందన్నదే జనం గుర్తుపెట్టుకుంటారు.

ముందు అప్పటి జర్మనీలో యూనియన్ల సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. హిట్లర్‌కి ముందు అక్కడ కార్మిక సంఘాలు మూడు గుంపులు. అన్నిటికన్నా పెద్దవి సోషల్ డెమోక్రాట్లకి దగ్గరగా ఉండేవి, వాటిని స్వేచ్ఛా సంఘాలు అనేవాళ్లు, 1930ల మొదట్లో కూడా వాటి సభ్యత్వం నలభై లక్షల పైమాటే. రెండోది క్రైస్తవ సంఘాలు, మన కైజర్ ఉన్నది వీటిలో. మూడోది ఉదారవాదులకి దగ్గరైన చిన్న సంఘాలు. కమ్యూనిస్టులు విడిగా ఇంకోటి నడిపారు. ఒకే గని, ఒకే షిఫ్టు, పక్కపక్కన నిలబడి బొగ్గు తవ్వే ఇద్దరికి వేరువేరు చందా పుస్తకాలు. సింగరేణి వైపు నుంచి వచ్చినవాళ్లు నవ్వుతున్నారు, మీకు నేను విడమరచి చెప్పక్కర్లేదు.

ఈ గుంపుల నాయకులు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు కాదని కాదు. చూసుకునేవాళ్లు, మాట్లాడుకునేవాళ్లు, అయినా కలవలేదు. ఎప్పుడు కలిశారో వినండి. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్, అంటే మన ప్రధాని లాంటి పదవి, అయ్యాడు. ఏప్రిల్ 28న మూడు గుంపుల నాయకులు కూర్చుని ఉమ్మడి సంఘం కోసం ఒప్పందం రాసుకున్నారు. మే 1ని హిట్లర్ ప్రభుత్వమే సెలవు దినంగా ప్రకటించి పెద్ద ఊరేగింపులు పెట్టింది. పాపం, ఆ ఊరేగింపులకి వెళ్లండని స్వేచ్ఛా సంఘాల నాయకత్వమే సభ్యులకి చెప్పింది, అలాగైనా సంఘాన్ని బతకనిస్తారేమోనని ఆశ. మర్నాడు, మే 2 పొద్దున, నాజీ దళాలు దేశమంతటా ఆ సంఘాల ఆఫీసుల్లోకి దూరాయి. నాయకుల్ని పట్టుకుపోయారు, బ్యాంకు ఖాతాలు, భవనాలు స్వాధీనం చేసుకున్నారు. ఐక్యతా ఒప్పందానికి నిండా వారం కూడా ఆయుష్షు లేదు. పెళ్లి పత్రిక అచ్చువేసేలోపు ఇల్లు కాలిపోయినట్టు.

కైజర్‌ని ఆకాశానికెత్తడానికి నేను రాలేదు కాబట్టి, దీనికి నెల ముందు సంగతి కూడా చెప్పాలి. ఆ మార్చి ఎన్నికల్లో ఆయన క్యాథలిక్కుల పార్టీ అయిన సెంటర్ పార్టీ తరఫున పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. మార్చి 23న, పార్లమెంటు భవనం అంతకుముందే తగలబడిపోయింది కాబట్టి ఒక ఒపెరా హాల్లో సభ పెట్టి, హిట్లర్‌కి సర్వాధికారాలిచ్చే చట్టం తెచ్చారు. హాలు నిండా యూనిఫాం వేసుకున్న నాజీ దళాలు. అనుకూలంగా 444, వ్యతిరేకంగా 94. ఆ వ్యతిరేక ఓట్లన్నీ సోషల్ డెమోక్రాట్లవే. కమ్యూనిస్టుల్ని అసలు లోపలికే రానివ్వలేదు. సెంటర్ పార్టీ లోపల వాదోపవాదాలు జరిగాయి గానీ, ఓటు దగ్గరికొచ్చేసరికి పార్టీ మొత్తం అనుకూలంగా వేసింది, కైజర్ ఓటు కూడా అందులోనే పడింది. ఈ ఓటుని గుర్తుంచుకోండి, దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

మే 2న క్రైస్తవ సంఘాల జోలికి నాజీలు పోలేదు. వాళ్లని వేరే పద్ధతిలో లొంగదీశారు. రోబర్ట్ లై అనే నాజీ నాయకుడి కింద కార్మిక ఫ్రంట్ అని ఒకటి పెట్టి, మీరంతట మీరే అందులో కలిసిపోండి, ఫ్యూరర్‌కి, అంటే హిట్లర్‌కి, విధేయులమని రాసివ్వండి అన్నారు. క్రైస్తవ సంఘాల పెద్దలు ఒక్కొక్కరే సంతకాలు పెట్టారు. కైజర్ పెట్టనన్నాడు. ఆ సంఘాల అగ్ర నాయకుల్లో అలా అన్నది ఆయనొక్కడే. అటువైపు కూర్చున్నది నాజీలే అనుకోండి, ఇటువైపు తన పక్కన కూర్చుని కలం తీసుకున్నవాళ్లు మాత్రం ఇరవై ఏళ్లుగా కలిసి పనిచేసినవాళ్లు. వాళ్లముందు వద్దు అనడం ఎంత కష్టమో... సరే, తర్వాత చెప్తాను.

పెట్టకపోతే ఏమైంది? ఉద్యోగం పోయింది. బెర్లిన్ చేరాడు. అక్కడ ఆయన ఎంచుకున్న పని నాకు భలే నచ్చింది. రద్దయిపోయిన సంఘాల ఆఫీసుల్లో పనిచేసిన గుమస్తాలకి, కార్యదర్శులకి పింఛన్లు, బకాయిలు రావాలి కదా, ఆ కేసులు నెత్తినేసుకున్నాడు. చట్టబద్ధమైన పని. దాని కోసం ఊరూరా తిరగొచ్చు, పాత మనుషుల ఇళ్లకి వెళ్లొచ్చు, చేతిలో ఫైలు ఉంటే ఎందుకొచ్చావని పోలీసు అడిగినా జవాబుంటుంది. అలా ఫైళ్లు మోసుకుంటూనే చెల్లాచెదురైన సంఘం మనుషుల్ని మళ్లీ దారానికి గుచ్చాడు. బైండింగ్ వేసే చెయ్యి మరి, విడిపోయిన కాగితాల్ని కుట్టడం పాత అలవాటు.

ఇందులో ఆయనకి ఇద్దరు తోడు. ఒకాయన విల్హెల్మ్ లోయిష్నర్, సోషల్ డెమోక్రాట్, కొయ్య చెక్కే పని నుంచి వచ్చి హెస్సె రాష్ట్రానికి హోం మంత్రి దాకా ఎదిగినవాడు. 1933 జూన్‌లో లై ఈయన్ని జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ సమావేశానికి వెంటబెట్టుకెళ్లాడు, పాత యూనియన్ నాయకుడు నాలుగు మంచి మాటలు చెప్తే తన ఫ్రంట్‌కి ప్రపంచంలో పరువు దక్కుతుందని. లోయిష్నర్ అక్కడ నోరు విప్పలేదు. తిరిగి రాగానే అరెస్టు, ఏడాదిపాటు జైళ్లు, నిర్బంధ శిబిరాలు. బయటికొచ్చాక బెర్లిన్‌లో బీరు పీపాలకి కుళాయిలు, ఇతర సామాన్లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ పెట్టాడు. ఆ వ్యాపారం పేరు చెప్పి దేశమంతా తిరిగే వీలు. ఒకాయన పింఛను ఫైళ్లు, ఇంకొకాయన బీరు కుళాయిలు! ఇద్దరూ చేసేది ఒకటే పని. మూడో మనిషి మాక్స్ హాబర్‌మాన్, గుమస్తాల సంఘం నాయకుడు, జాతీయవాద భావాలున్నవాడు. పదేళ్ల కిందట వీళ్లు ముగ్గురూ ఒకే వేదిక ఎక్కేవాళ్లు కాదేమో. ఇప్పుడు కూర్చుని, నాజీలు పోయాక దేశంలో కార్మికులందరికీ ఒకే సంఘం ఉండాలి, మతం, పార్టీ లెక్క ఉండకూడదు అని పథకం వేసుకున్నారు.

1938లో గెస్టాపో, అంటే నాజీల రహస్య పోలీసు, కైజర్‌ని పట్టుకుని కొన్ని నెలలు లోపలుంచింది. బయటికొచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. లైప్‌జిగ్ మాజీ మేయర్ గోర్డెలర్‌తో, ఆ తర్వాత సైన్యంలోని కుట్రదారులతో ఈ యూనియన్ బృందానికి సంబంధం కుదిరింది. హిట్లర్‌ని దించేశాక ఏర్పడే ప్రభుత్వంలో లోయిష్నర్‌ని వైస్ ఛాన్సలర్‌ని చెయ్యాలనుకున్నారు. ఒక ఆసక్తికరమైన సంగతి, ఈ బృందం కొలోన్ మాజీ మేయర్ ఒకాయన్ని కూడా కదిపి చూసింది. ఆయన దూరంగా ఉండిపోయాడు. ఆయన పేరు కొన్రాడ్ అడెనావర్. ఈ పేరూ గుర్తుంచుకోండి.

1944 జూలై 20. ఆ కుట్రదారుల్లో ఒకడైన సైనికాధికారి ష్టావుఫెన్‌బర్గ్ పెట్టిన బాంబు పేలింది, హిట్లర్ బతికాడు. వేట మొదలైంది. కైజర్‌కి అప్పుడు 56 ఏళ్లు. ఎల్‌ఫ్రీడె నేబ్‌గెన్ అని, ఏళ్లుగా ఆయనతో పనిచేస్తున్న క్రైస్తవ సంఘాల ఉద్యమకారిణి, ఆవిడా మరికొందరూ కలిసి ఆయన్ని పోట్స్‌డామ్ పక్కన బాబెల్స్‌బర్గ్‌లో ఒక ఇంటి నేలమాళిగలో దాచారు. యుద్ధం అయిపోయేదాకా, అంటే ఇంచుమించు ఎనిమిది నెలలు ఆయన అక్కడే.

ఆయన ఆ చీకట్లో ఉండగా పైన ఏం జరిగిందో చెప్తాను. సెప్టెంబర్ 8న వీళ్ల బృందంలోని న్యాయవాది యోసెఫ్ విర్మర్‌ని ఉరితీశారు. సెప్టెంబర్ 29న ప్లోట్జెన్‌జే జైల్లో లోయిష్నర్‌ని. ఐక్యత సాధించండి అన్నదే ఆయన ఆఖరి సందేశమని చెప్తారు. అక్టోబర్ 30న హాబర్‌మాన్ దొరికాడు. తన నోటి నుంచి తనని దాచినవాళ్ల పేర్లు వస్తాయేమోనని అదే రోజు జైల్లో ప్రాణం తీసుకున్నాడు. నవంబర్‌లో కొలోన్ క్యాథలిక్ కార్మిక నాయకుడు లెటర్‌హావుస్. జనవరిలో ఆయన సహచరుడు, ఒకప్పటి గని కార్మికుడు నికొలావుస్ గ్రోస్. ఫిబ్రవరి 2న గోర్డెలర్. (కాసేపు మౌనం) ఒకే సంఘం కావాలని కలిసి కూర్చున్న బెర్లిన్ నాయకుల్లో మెట్లెక్కి పైకి వచ్చినవాడు దాదాపు ఈయనొక్కడే.

మంచినీళ్లు ఇవ్వండమ్మా. థాంక్యూ.

1945 జూన్‌కి వద్దాం. బెర్లిన్ శిథిలాల గుట్ట. గెలిచిన దేశాలు జర్మనీని పంచుకుంటే తూర్పు భాగం సోవియట్ సైన్యం చేతికి వచ్చింది. సోవియట్ సైనిక ప్రభుత్వం జూన్ 10న పార్టీలు, సంఘాలు పెట్టుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. ఐదు రోజులకే, జూన్ 15న, బెర్లిన్‌లో కొత్త స్వేచ్ఛా కార్మిక సంఘం కోసం పిలుపు వచ్చింది. దాని కింద కమ్యూనిస్టులు, సోషల్ డెమోక్రాట్లు, క్రైస్తవ సంఘాలవాళ్లు, అందరి పేర్లూ ఉన్నాయి. కైజర్ సంతకం ఉంది. అవును, ఇక్కడ పెట్టాడు. పెట్టకుండా ఎలా ఉంటాడు, పన్నెండేళ్లు కన్న కల, చచ్చిపోయినవాళ్లు అప్పగించి వెళ్లిన పని. ఆ సంఘం తర్వాత ఏమైందో పది నిమిషాల్లో చెప్తాను.

అదే నెల 26న క్రైస్తవ ప్రజాస్వామ్య పార్టీ, అదే సీడీయూ, బెర్లిన్ స్థాపకుల్లో ఆయనొకడు. మొదటి అధ్యక్షుడు ఆండ్రియాస్ హెర్మెస్. సోవియట్ ప్రాంతంలో భూసంస్కరణ జరుగుతుంటే, పరిహారం లేకుండా భూములు లాక్కోవడానికి మేం ఒప్పుకోం అన్నాడాయన. డిసెంబర్‌లో సోవియట్ అధికారులు ఆయన్ని తీసేశారు. ఆ కుర్చీలోకి కైజర్ వచ్చాడు. తీసేసినవాళ్లు ఇచ్చిన కుర్చీలో కూర్చోవచ్చా అని మీరడగొచ్చు. నేనైతే కూర్చోవడమే సరైందంటాను, కుర్చీ ఖాళీగా వదిలితే అందులో ఇంకెవడు కూర్చుంటాడో మనకి తెలుసు కదా.

ఆ రెండేళ్లు, 1946, 47, ఆయన జీవితంలో అన్నిటికన్నా గట్టి రోజులు. ఆయన ఆలోచన ఏంటంటే, జర్మనీ అటు రష్యాకి, ఇటు అమెరికాకి మధ్య వంతెనలా ఉండాలి, ఏ ఒక్కరి ఇంటి గుమ్మంలోనూ కట్టేసుకోకూడదు. పార్టీ కార్మికుల వైపు నిలబడాలి, పెద్ద పరిశ్రమలు సమాజం చేతిలో ఉండాలి. దీన్ని క్రైస్తవ సోషలిజం అన్నాడు. చాలామంది చరిత్రకారులు దీన్ని అమాయకత్వం కింద కొట్టేస్తారు. నాకలా అనిపించదు. యూనియన్ మనిషి బుర్ర అలాగే ఆలోచిస్తుంది. బల్లకి అటువైపు ఎంత దుర్మార్గుడున్నా వాడితో మాట్లాడాలి, ఎందుకంటే ఫ్యాక్టరీ తాళం వాడి దగ్గరుంది. జర్మనీ తాళాల్లో ఒకటి మాస్కో దగ్గరుంది, అది కైజర్‌కి తెలుసు. రైన్ నది ఒడ్డున కూర్చున్న అడెనావర్‌కీ తెలుసు, కాకపోతే ఆయన ఆ గది సంగతి తర్వాత చూద్దాం, ముందు మన చేతిలో ఉన్న గదులు సర్దుకుందాం అన్నాడు. పార్టీకి ఇద్దరు పెద్దలు తయారయ్యారు. ఒకరు బెర్లిన్‌లో, ఒకరు రైన్‌లాండ్‌లో. ఒకరు తిరుగుబాటుదారు, ఇంకొకరు తిరుగుబాటుకి రానన్నవాడు. ఇద్దరూ ఒకప్పుడు కొలోన్‌లోనే పనిచేసినవాళ్లు, ఒకే చర్చికి చెందినవాళ్లు, ఒకరి పొడ ఒకరికి గిట్టదు.

అయితే వంతెన అన్నాడు గానీ కైజర్ తల వంచలేదు. 1946 ఏప్రిల్‌లో సోవియట్ ప్రాంతంలో సోషల్ డెమోక్రాట్లని కమ్యూనిస్టుల్లో బలవంతాన కలిపేశారు. ఆ అక్టోబర్‌లో బెర్లిన్ మొత్తానికి ఎన్నికలు జరిగితే, కలిసిన పార్టీకి 20 శాతం లోపే వచ్చింది, కైజర్ పార్టీకి 22 దాటింది, బెర్లిన్‌లో విడిగా నిలబడగలిగిన సోషల్ డెమోక్రాట్లకి 48 పైన. అప్పటినుంచి ఒత్తిడి పెరిగింది. 1947లో కైజర్ మార్షల్ సహాయం, అంటే యూరప్‌ని తిరిగి నిలబెట్టడానికి అమెరికా ఇస్తానన్న డబ్బు, తీసుకోవాలన్నాడు. సెప్టెంబర్‌లో పార్టీ సభలో నిలబడి, మొండి మార్క్సిజం మీదికొస్తుంటే మనం అలల్ని విరగ్గొట్టే కట్టలా నిలబడాలి అనే అర్థంలో మాట్లాడాడు. సోవియట్ సైనికుల నీడలో, బెర్లిన్‌లో, ఆ మాట! డిసెంబర్‌లో కమ్యూనిస్టులు ప్రజా మహాసభ అని ఒకటి ఏర్పాటు చేసి అన్ని పార్టీలూ రావాలన్నారు. రానన్నాడు. సోవియట్ సైనిక ప్రభుత్వంలో ప్రచార వ్యవహారాలు చూసే కల్నల్ త్యుల్పానోవ్ ఆయన్నీ, ఉపాధ్యక్షుడు ఎర్న్‌స్ట్ లెమ్మర్‌నీ పదవుల్లోంచి తీసేశాడు. లెమ్మర్ కూడా యూనియన్ మనిషే, ఇందాక చెప్పిన ఆ చిన్న ఉదారవాద సంఘాలవాడు.

నాజీల దగ్గర ఒకసారి, సోవియట్ సైన్యం దగ్గర ఒకసారి. రెండుసార్లూ వద్దన్నాడు, రెండుసార్లూ కుర్చీ పోయింది. ఇక్కడితో కథ ఆపేస్తే నా పని తేలిక. పోస్టరు మీద బొమ్మ వేసుకుని దండ వెయ్యొచ్చు.

కానీ ఆయన పశ్చిమానికి వచ్చాడు. 1949లో పశ్చిమ జర్మనీకి మొదటి ఎన్నికలయ్యాయి. కైజర్ సోషల్ డెమోక్రాట్లతో కలిసి పెద్ద కూటమి పెడదామన్నాడు, అడెనావర్ వద్దన్నాడు. అడెనావర్ సెప్టెంబర్ 15న ఛాన్సలర్ అయ్యాడు, 402 మంది సభలో కావలసినన్నే, సరిగ్గా 202 ఓట్లతో. కైజర్‌కి ఒక మంత్రిత్వ శాఖ ఇచ్చాడు, యావత్ జర్మనీ వ్యవహారాల శాఖ. దేశం రెండు ముక్కలై ఉంది కదా, దాన్ని కలిపే పని చూసే శాఖ. పేరు పెద్దది. అసలు నిర్ణయాలన్నీ, అంటే అమెరికాతో ఏం మాట్లాడాలి, రష్యాకి ఏం జవాబివ్వాలి అన్నవన్నీ అడెనావర్ జేబులో. ఇల్లు కట్టే అధికారం ఒకరికిచ్చి, తాపీ ఇంకొకరి దగ్గర పెట్టినట్టు.

1952 మార్చి 10న స్టాలిన్ నుంచి ఒక లేఖ వచ్చింది. జర్మనీని కలిపేద్దాం, ఏ సైనిక కూటమిలోనూ చేరకుండా తటస్థంగా ఉండనివ్వండి అని. ఎత్తుగడా, నిజమా? చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. కైజర్ అన్నది ఒకటే, నిజమో కాదో కూర్చుని అడిగి చూద్దాం. యూనియన్ మనిషి ఇంకేమంటాడు, యాజమాన్యం నుంచి కాగితం వస్తే చదవకుండా చింపం కదా. అడెనావర్‌కి ఆ ఆసక్తి లేదు. ఆయన మాటే నెగ్గింది. కైజర్ మంత్రిగానే కొనసాగాడు.

(సభలోంచి ఒకరు: అయితే రాజీనామా ఎందుకు చెయ్యలేదండీ?)

అడుగుతారని తెలుసు. అదే మంత్రివర్గంలో ఒకాయన రాజీనామా చేశాడు, గుస్తావ్ హైనెమన్, హోం మంత్రి. మళ్లీ సైన్యం పెట్టుకునే విషయంలో అడెనావర్ తమకి చెప్పకుండా అమెరికావాళ్లకి మాటిచ్చాడని 1950 అక్టోబర్‌లో బయటికెళ్లిపోయాడు. సొంత పార్టీ పెట్టాడు. 1953 ఎన్నికల్లో ఆ పార్టీకి 1.2 శాతం ఓట్లు. అడెనావర్ కూటమికి 45. కైజర్ ఇదంతా చూస్తూనే ఉన్నాడు. (అదే హైనెమన్ తర్వాత సోషల్ డెమోక్రాట్లలో చేరి 1969లో దేశాధ్యక్షుడయ్యాడు, అది వేరే కథ.)

నా లెక్క ఇంకోటి ఉంది. నా సంగతి ఒకటి చెప్తాను. నేను మా యూనియన్ కమిటీలో ఉన్నప్పుడు ఒక సెటిల్‌మెంట్ వచ్చింది. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లని గాలికొదిలేసి పర్మినెంటు వాళ్లకి రెండు ఇంక్రిమెంట్లు. నాకు నచ్చలేదు. మేనేజ్‌మెంట్ ముందైతే బల్ల గుద్ది వద్దనేవాణ్ణి, బోలెడుసార్లు అన్నాను కూడా, దానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు, వెనకాల మనవాళ్లుంటారు. ఆ రోజు సంతకం పెట్టమన్నది మా అధ్యక్షుడు. నాకు యూనియన్ అంటే ఏంటో నేర్పినవాడు. అందరూ పెట్టారు, కలం నా దగ్గరికొచ్చింది, నేనూ పెట్టాను. ఇంటికెళ్లి అన్నం తినలేకపోయాను. ఆ మర్నాడు గేటు దగ్గర కాంట్రాక్టు కుర్రాడొకడు ఎప్పట్లానే నమస్కారం పెట్టాడు, నేను ఫోను చూసుకుంటున్నట్టు నటించాను.

అందుకని కైజర్ 1950ల్లో ఉండిపోయాడంటే నాకు ఆశ్చర్యం లేదు. ఇందాక గుర్తుంచుకోమన్న 1933 మార్చి ఓటు కూడా ఈ జాతిదే, మనవాళ్లంతా వేస్తున్నారు కాబట్టి వేసిన ఓటు. నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ వేసవి. తనవాళ్లందరూ కలం పట్టుకున్న గదిలో, ఒక్కడే పెట్టనన్న ఆ రోజు. ఆ మార్చి ఓటు మనసులో మెలిపెట్టడం వల్లే అలా అన్నాడేమో అని నా ఊహ. ఊహే లెండి, రుజువు లేదు.

సరే, ఆ సంఘం సంగతి చెప్తానన్నాను. 1945 జూన్ 15న కైజర్ సంతకంతో మొదలైన ఉమ్మడి కార్మిక సంఘం. అది కొద్ది ఏళ్లలోనే పూర్తిగా కమ్యూనిస్టు పార్టీ చేతికి పోయింది. తూర్పు జర్మనీలో ఇక అదొక్కటే సంఘం. ఐక్యత వచ్చింది, పోటీ సంఘం లేదు, చందాలు జీతాల్లో... కాదు, చందాల సంగతి వదిలేద్దాం. 1953 మే నెలలో ప్రభుత్వం పని నార్మ్‌లు కనీసం పది శాతం పెంచమంది. నార్మ్ అంటే మీకు తెలుసు, ఇన్ని గంటల్లో ఇంత పని, అదే కూలికి. బెర్లిన్‌లో స్టాలిన్ పేరు పెట్టిన పెద్ద వీధిలో భవనాలు కడుతున్న మేస్త్రీలు, కూలీలు మండిపడ్డారు. జూన్ 16 పొద్దున కార్మిక సంఘం పత్రికలో వ్యాసం వచ్చింది. నార్మ్‌లు పెంచడం సబబేనని! ప్రభుత్వ పత్రికలో కూడా కాదండీ, సంఘం సొంత పత్రికలో. అది చదివి పనిముట్లు కింద పారేసి ఊరేగింపు తీశారు. కైజర్ సంతకం పెట్టిన రోజుకి సరిగ్గా ఎనిమిదేళ్ల ఒక రోజు.

ఆ రాత్రి పశ్చిమ బెర్లిన్‌లో అమెరికావాళ్లు నడిపే రేడియో నుంచి మంత్రి కైజర్ తూర్పు బెర్లిన్ ప్రజలతో మాట్లాడాడు. ఏమన్నాడు? మీ బాధ అర్థమవుతుంది, కానీ ఆవేశంలో గానీ, ఎవరో రెచ్చగొడితే గానీ తొందరపడి ప్రాణాల మీదికి తెచ్చుకోకండి అన్నాడు. కొందరికి ఇది పిరికి మాటలా వినిపిస్తుంది. సమ్మె నడిపినవాడెవడైనా సరే, రేపు పొద్దున అటువైపు నుంచి వచ్చేది ట్యాంకులని తెలిసినప్పుడు ఇంకేం చెప్తాడో నాకు చెప్పండి. జూన్ 17న తూర్పు జర్మనీ అంతా కదిలింది, వందల ఊళ్లలో. ట్యాంకులు వచ్చాయి. పేర్లతో సహా లెక్కతేలిన మృతులే కనీసం 55 మంది. పశ్చిమంలో ఆ రోజుని జాతీయ సెలవు చేశారు. 1990 దాకా ఆ సెలవు ఉండేది.

పశ్చిమ జర్మనీలో మాత్రం ఆ పాత కల ఒక మేరకి నిలబడింది. 1949 అక్టోబర్‌లో మ్యూనిక్‌లో హాన్స్ బోక్లర్ నాయకత్వంలో డీజీబీ, అంటే జర్మన్ కార్మిక సంఘాల సమాఖ్య, ఏర్పడింది, మతానికి, పార్టీకి అతీతంగా, పరిశ్రమకో సంఘం చొప్పున 16 సంఘాలు. 1955లో కొందరు విడిపోయి మళ్లీ క్రైస్తవ సంఘం పెట్టారు, అది పెద్దగా ఎదగలేదు. డీజీబీ ఇప్పటికీ ఉంది. లోయిష్నర్ చూసి ఉంటే బాగుండేది.

చివరి గొడవ జార్ ప్రాంతం మీద. బొగ్గు, ఉక్కు ఉన్న ఆ చిన్న ప్రాంతం యుద్ధం తర్వాత ఫ్రాన్స్ అదుపులో ఉంది. దాన్ని యూరప్ పర్యవేక్షణలో విడిగా ఉంచుదామని అడెనావర్ ఫ్రాన్స్‌తో ఒప్పందం చేసుకున్నాడు. కైజర్‌కి అది మింగుడుపడలేదు. ఆయన శాఖ ఆ ప్రాంతంలో ఒప్పందాన్ని వ్యతిరేకించే పార్టీలకి దన్నుగా నిలబడింది. అంటే ఛాన్సలర్ సంతకం చేసిన ఒప్పందాన్ని ఆయన మంత్రే కింద నుంచి తవ్వుతున్నాడు! 1955 అక్టోబర్ 23న ఓటింగు పెడితే 67.7 శాతం ఒప్పందం వద్దన్నారు. 1957 జనవరి 1న జార్ జర్మనీలో కలిసింది. ఈ ఒక్కచోట కైజర్ ముక్కలైనదాన్ని కలపగలిగాడు, అదీ రాజీనామా చెయ్యకుండా లోపలే ఉండటం వల్ల. ఇందాకటి ప్రశ్నకి ఇది కూడా ఒక జవాబేమో.

అదే సంవత్సరం మొదట్లో పక్షవాతం వచ్చింది. ఆ శరత్తులో మంత్రి పదవి నుంచి తప్పుకున్నాడు. ఆ శాఖలోకి వచ్చింది ఎవరనుకున్నారు, ఎర్న్‌స్ట్ లెమ్మర్, 1947లో ఆయనతో పాటే గెంటించుకున్న మనిషి. కైజర్ అప్పటికే ఎల్‌ఫ్రీడె నేబ్‌గెన్‌ని పెళ్లి చేసుకున్నాడు, నేలమాళిగలో దాచిన ఆవిణ్ణే, 1953లో. 1961 మే 7న పశ్చిమ బెర్లిన్‌లో పోయాడు. బెర్లిన్ గోడ లేచింది ఆగస్ట్ 13న. మధ్యలో 98 రోజులు. చూడకుండా పోవడమే నయమని మా ఇంట్లో ఈ ప్రసంగం చదివి వినిపించినప్పుడు మా ఆవిడ అంది.

ఒక్కటి చెప్పి ముగిస్తాను. మీలో ఎవరి పిల్లలైనా బెర్లిన్‌లో ఉంటే, ఈసారి వెళ్లినప్పుడు పార్లమెంటు భవనం వెనక్కి నడవండి. గోడ సరిగ్గా ఆ వెనక నుంచే పోయేది, భవనం పశ్చిమంలో, దాని పెరడు తూర్పులో. ఆ పెరటి వైపు ఇప్పుడు ఎంపీల ఆఫీసులున్న పెద్ద భవనాల సముదాయం ఉంది, వీధికి ఇటూ అటూ. వీధి దాటాలంటే పైనుంచి వంతెనలు కట్టారు, ఈ బ్లాకు నుంచి ఆ బ్లాకుకి. మొత్తానికి పేరు యాకోబ్ కైజర్ హౌస్. ఆ పేరు ఎవరిదని అడిగితే దారిన పోయే పదిమందిలో ఎంతమంది చెప్తారో నాకు అనుమానమే.

టీ వచ్చేసినట్టుంది. మిగతా ప్రశ్నలు తాగుతూ మాట్లాడుకుందాం. ఆ ఫ్యాన్ మళ్లీ పెంచెయ్యండి బాబూ.